అల్జీరియా సోదరీమణులు



ఆఫ్రికాఖండమున కుత్తరమున, మధ్యధరాసముద్రతీరమున అల్జీరియా యను దేశము కలదు. 1830 వ సంవత్సరమున ఫ్రెంచివారు దానిపై దండెత్తి, 1962 వఱకును ఏలిరి. సారవంతములగు భూములు వలసవచ్చిన ఐరోపావారి వశమయ్యెను. 1954 నవంబరు 1 వ తేదీన దేశీయు లాయుధములు పూని స్వాతంత్ర్యయుద్ధ మారంభించిరి.

ఆ యుద్ధమున స్త్రీలు చేసిన పని సామాన్యము కాదు. కొండలలోని దళములకు వండిపెట్టిరి; గాయపడినవారికి కట్లు కట్టిరి; తఱుమబడినవారికి తమ యిండ్లలో చోటిచ్చిరి. అల్జీర్సు నగరమున కొందఱు యువతులు ముసుగు తీసి, దొరసానులవలె దుస్తులు ధరించి, చేతిసంచులలో బాంబులు దాచి కావలివారిని దాటిపోయిరి. 1956 ఆగస్టులో ఐరోపావారు కస్బాపేటలో పెట్టిన బాంబువలన ఎందఱో దేశీయులు మరణించియుండిరి. సెప్టెంబరు 30 వ తేదీన ఈ యువతుల బాంబులు ఫలహారశాలలలో పేలెను. నిరపరాధులు చనిపోయిరి, పసిపిల్లలును గాయపడిరి. ఇది మనసును కలచు విషయమే. అయినను దాచుట న్యాయము కాదు.

జమీలా బూహిరెద్ అను యువతి 1957 ఏప్రిలులో గాయముతో పట్టుబడెను. ఆమెను చిత్రహింసలు పెట్టి, మరణశిక్ష విధించిరి. లోకమెల్ల నిరసింపగా ఆ శిక్ష తగ్గింపబడెను. 1962 లో ఆమె విడుదల నొందెను. హసీబా బెన్ బూఅలీ 1957 అక్టోబరులో, ఇరువదియేండ్లు నిండకమునుపే, ఫ్రెంచిసైనికులు పేల్చివేసిన యింట మరణించెను.

1962 జూలై 5 వ తేదీన స్వాతంత్ర్యము లభించెను. స్త్రీపురుషులకు సమానహక్కులు కలవని 1963 నాటి రాజ్యాంగము పలికెను. కాని 1984 లో వచ్చిన కుటుంబచట్టము, సంరక్షకుడగు పురుషుడు లేనిదే స్త్రీ వివాహమాడరాదనియు, భార్య భర్తకు విధేయురాలై యుండవలెననియు శాసించెను. ఆ చట్టపు చిత్తుప్రతి బయలుపడినపుడే, 1981 లో, నాడు యుద్ధమున పాల్గొన్న స్త్రీలు వీథికెక్కి ప్రతిఘటించిరి. విధేయతానిబంధన 2005 లోగాని తొలగలేదు. సంరక్షకుని నియమము అప్పటికిని నిలిచెను.

ప్రాణము లొడ్డి బాంబులు మోయుటకు తగినదానికి, తన పెండ్లి తాను నిశ్చయించుకొను తెలివి లేదా? మన యిండ్లలోను ఆపద వచ్చినపుడు ఆడుదానిపై భారమంతయు మోపి, గండము గడచినంతనే "నీకేమి తెలియును?" అనువారు లేకపోలేదు. కావున సోదరీమణులారా, కష్టకాలమున మనకు దక్కిన మాటను సుఖకాలమునను నిలుపుకొనవలెను. అడుగనిదే అదియు దక్కదని అల్జీరియా సోదరీమణుల చరిత్ర చెప్పుచున్నది.