పొత్తిళ్లలో ఫొటో... ఎప్పుడు?

'ఇంకా పురిటి స్నానమైనా కాలేదు. అప్పుడే ఫొటోలేమిటి అల్లుడుగారూ?' అంటారు అత్తగారు. 'పదిహేను రోజులు దాటితే పాప ఇలా ముడుచుకుని పడుకోదట అత్తయ్యా!' అంటాడు అల్లుడు. పుట్టింట్లో మంచమ్మీద ఉన్న బాలింత ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తుంటుంది. పాపాయి మాత్రం ఇవేమీ పట్టనట్టు పొత్తిళ్లలో హాయిగా నిద్రపోతుంటుంది. ఈమధ్య చాలా ఇళ్లలో కనిపిస్తున్న దృశ్యమే ఇది.

ఇంతకీ ఎవరి మాట ఒప్పు? నిజానికి ఇద్దరిదీ!

ఒకప్పుడు బిడ్డకు మొదటి ఫొటో అంటే మూణ్నాలుగు నెలలు దాటాల్సిందే. బోర్లాపడి తలెత్తడం వచ్చాక స్టూడియోకి తీసుకెళ్లేవారు. బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెడితే, ఫొటోగ్రాఫర్ గిలక్కాయ ఆడించి నవ్వించేవాడు. ఆ బోసినవ్వులు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో గోడల మీద ఉన్నాయి. పసిగుడ్డుకు ఫొటో తీస్తే దిష్టి తగులుతుందనీ, ఆయుష్షు తగ్గుతుందనీ భయపడేవారు కూడా.

తర్వాత కాలం మారింది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఫొటోగ్రాఫర్ యాన్ గెడ్డెస్ పువ్వుల మధ్య, ఆకుల మధ్య పసిపిల్లల్ని చూపిస్తూ 1996లో 'డౌన్ ఇన్ ద గార్డెన్' అనే పుస్తకం తెచ్చారు. ఆమె ఫొటోలతో వచ్చిన క్యాలెండర్లూ గ్రీటింగ్ కార్డులూ ప్రపంచమంతా తిరిగాయి. ఇప్పుడు బుట్టలో పాపాయి, ఉన్ని టోపీలో బాబు... ప్రతి సెల్‌ఫోన్‌లోనూ ఇలాంటి ఫొటోలే.

ఆ రెండో వారం...

ఇలాంటి ఫొటోలకు 5 నుంచి 14 రోజుల వయసు అనువైనదని ఫొటోగ్రాఫర్లు చెబుతారు. కారణం లేకపోలేదు. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు దాదాపు 16 గంటలు నిద్రలోనే ఉంటుంది. అమ్మ కడుపులో ఉన్నట్టే కాళ్లూ చేతులూ ముడుచుకుంటుంది. మెల్లగా అటూ ఇటూ జరిపినా లేవదు. మూడు నాలుగు వారాలు వచ్చేసరికి మెలకువ పెరుగుతుంది. కాళ్లు చాపుతుంది. సాయంత్రమైతే ఏడుపు మొదలెడుతుంది. కొందరికి బుగ్గల మీద చిన్న చిన్న పొక్కులూ వస్తాయి.

అలాగని పుట్టిన మర్నాడే హడావుడి పడక్కర్లేదు. మొదటి నాలుగైదు రోజులు తల్లికి పాలు పడటం, బిడ్డ తాగడం నేర్చుకోవడంతోనే సరిపోతుంది. కొందరికి పసరికలు కనిపించేదీ ఆ రోజుల్లోనే. తొలి రోజుల్లో కాస్త తగ్గిన బరువును రెండు వారాలయ్యేసరికి చాలామంది పిల్లలు తిరిగి పుంజుకుంటారు. కాబట్టి రెండో వారమే తల్లికీ బిడ్డకూ కాస్త వీలు.

ఇక నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ, ఆసుపత్రిలో ఇంక్యుబేటర్‌లో ఉండి వచ్చిన పిల్లలకూ ఈ లెక్క వర్తించదు. వాళ్లు ఇంటికొచ్చి, డాక్టరు 'పర్వాలేదు' అన్నాకే ఫొటో మాట. నిండు నెలల తేదీ దగ్గరపడేదాకా ఆ పిల్లలు ఎక్కువగా నిద్రలోనే ఉంటారు గనుక ముచ్చట ఎక్కడికీ పోదు.

చూసి చేయొద్దు!

అరచేతుల మీద గడ్డం ఆనించి పడుకున్న పాపాయి ఫొటో చాలామంది చూసే ఉంటారు. అది ఒక్క ఫొటో కాదు. ఒకసారి తలను, ఇంకోసారి చేతులను ఎవరో పట్టుకుని ఉండగా విడివిడిగా తీసి, ఆ పట్టుకున్న చేతులు కనబడకుండా కంప్యూటర్లో కలుపుతారు. ఆ సంగతి తెలియక ఇంట్లో సెల్‌ఫోన్‌తో ప్రయత్నించడం ప్రమాదం. పసిబిడ్డ మెడ నిలవదు. గడ్డం ఛాతీకి ఆనేలా తల వాలిపోతే ఊపిరి అందదు. బుట్టలోనైనా బల్ల మీదైనా పెద్దవాళ్ల చెయ్యి అందేంత దూరంలో ఉండాల్సిందే.

బట్టలు విప్పి ఫొటో తీస్తే గది వెచ్చగా ఉండాలి. పసిపిల్లల ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది. ఫొటో కోసమని కళ్లకు కాటుక దిద్దడం వద్దంటారు డాక్టర్లు. దిష్టి చుక్క అరికాలికి పెడితే చాలదూ? జలుబూ దగ్గూ ఉన్నవారు ఫొటోగ్రాఫరైనా సరే, ఇంకో రోజు రావాలి. ఫ్లాషు అక్కర్లేదు. పొద్దుటిపూట కిటికీ లోంచి వచ్చే వెలుతురు చాలు.

గది వెచ్చగా ఉండాలి, పొట్ట నిండుగా ఉండాలి, చేతులు కడుక్కోవాలి, నలుగురూ గుమిగూడకూడదు... మంచి ఫొటోగ్రాఫర్ చెప్పే నియమాలివి. పురిటి గది గుమ్మం దగ్గర అమ్మమ్మ చెప్పేవీ ఇవే కదా!

ఆ రెండు వారాలూ దాటిపోతే? బెంగేం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మనిషిని చూసి నవ్వుతుంది. ఆరు నెలలు వచ్చేసరికి కూర్చోవడం మొదలవుతుంది. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు... ప్రతి పండక్కీ ఓ ఫొటో.

ఒక్క ఫొటో మాత్రం వాయిదా వేయకూడదు. అది అమ్మది. 'నా మొహం బాగాలేదు, పాపను తియ్యండి' అని తప్పుకుంటుంది బాలింత. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పాప ఆల్బమ్ తిరగేస్తే బుట్ట ఉంటుంది, టోపీ ఉంటుంది. అమ్మ ఉండదు. కళ్ల కింద నలుపున్నా, జుట్టు చెదిరినా, బిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఆ తల్లి ఫొటోకు సాటి ఏముంది?

అన్నట్టు, చాలా ఇళ్లలో పురిటి స్నానం పదకొండో రోజున. ఫొటోగ్రాఫర్ చెప్పిన పద్నాలుగు రోజుల్లోనే అదీ ఉంది. తల్లీబిడ్డలు తలంటు పోసుకుని, కడుపు నిండా పాలు తాగిన పాపాయి నిద్రలోకి జారుకున్నాక కిటికీ పక్కన ఓ ఫొటో తీస్తే... అత్తగారి మాటా నిలుస్తుంది, అల్లుడి ముచ్చటా తీరుతుంది!