పసిబిడ్డ చర్మానికి పెద్దల మందా?

ఏడు నెలల మనవణ్ణి ఎత్తుకుని ఒక నాయనమ్మగారు వచ్చారు. "పిర్రల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయిందండీ డాక్టరుగారూ. మందు రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. అంతకు మించి వాడికే లోటూ లేదు. ఈ రెండు నెలల్లో ఎంత బొద్దుగా తయారయ్యాడో చూడండి. దిష్టి తగులుతుందేమోనని భయంగా వుంది" అన్నారామె.

నాకు భయం కలిగించింది కూడా ఆ బొద్దుతనమే. ముఖం గుండ్రంగా ఉబ్బింది గాని, బరువుకు తగ్గట్టు పొడుగు పెరగలేదు. రాస్తున్న మందేమిటని అడిగితే సంచిలోంచి ఒక ట్యూబు తీశారు. తాతగారి తామరకని మందుల షాపులో అడిగి కొన్నదట. అందులో వున్నది క్లోబెటసాల్. చర్మానికి రాసే స్టెరాయిడ్ మందులన్నింటిలోకీ తీవ్రమైన రకం అది.

"పైన రాసేదేగా, లోపలికెలా పోతుంది?" అని మీకు సందేహం రావచ్చు. పసివాళ్ళ చర్మం పలచన. పైగా శరీరం బరువుతో పోల్చి చూస్తే వాళ్ళ చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ళకంటే రెండు రెట్లకు పైగా వుంటుంది. ఆపైన తడి గుడ్డో డైపరో కప్పి వుంచితే మందు మరింతగా లోపలికి ఇంకుతుంది. అలా రక్తంలో కలిసిన స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బుతుంది, ఎదుగుదల మందగిస్తుంది, రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది.

ఒక్క స్టెరాయిడ్ సంగతే కాదు. 1972లో ఫ్రాన్సులో పిల్లల పౌడరు ఒకదానిలో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారక మందు పొరపాటున ఎక్కువగా కలిసింది. ఒంటికి అద్దిన ఆ పౌడరు వల్ల 36 మంది పిల్లలు చనిపోయారు. పసివాళ్ళ ఒంటికి ఏది రాసినా కొంత తాగించినట్టేనని గుర్తుంచుకోండి.

ఒరుపుకు ఏం చెయ్యాలి?

దీనికి ముఖ్యకారణం తడి. మలమూత్రాలతో తడిసిన గుడ్డను వెంటనే మార్చండి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి. రోజూ కాసేపు గుడ్డ కట్టకుండా గాలి తగలనివ్వండి. తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీము గాని, వాజలైన్ గాని పూతగా రాయండి. గుడ్డలు ఉతికాక సబ్బు మిగలకుండా జాడించి ఎండలో ఆరెయ్యండి.

రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, గజ్జల మడతల్లో బాగా ఎర్రబడి చుట్టూ చిన్న పొక్కులు లేచినా అది బూజు జాతి క్రిమి వల్ల కావచ్చు. దానికి మందు వేరు. స్టెరాయిడ్ రాస్తే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది గాని, క్రిమి లోలోపల పెరుగుతూనే వుంటుంది. నాయనమ్మగారి అనుభవం ఇదే.

స్నానం, నూనె, పౌడరు

పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం చేయించనక్కరలేదు. ఒంటి మీది తెల్లని వెన్నలాంటి పూత బిడ్డకు రక్షణే. దాన్ని రుద్ది తీసెయ్యకండి. నూనె మెత్తగా మర్దనా చెయ్యండి, కొబ్బరినూనె మంచిది. కాని గరుకైన సున్నిపిండితో నూగు పోయేదాకా రుద్దకండి. ఆ నూగు దానంతటదే రాలిపోతుంది. స్నానం పది నిమిషాలు మించకూడదు. పొడిచర్మం వుంటే ఒళ్ళు అద్దగానే, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని క్రీము రాయండి.

చెమటకాయలకు మందు చల్లదనమే. పలచని నూలుచొక్కా వేసి గాలి ఆడేచోట పడుకోబెట్టండి. పౌడరు చల్లితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

చీము పొక్కులు, జ్వరం వున్నా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా, బిడ్డ పాలు సరిగా తాగకపోయినా ఇంటివైద్యం చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

స్టెరాయిడ్ అంటేనే విషం అనుకోనక్కరలేదు. గజ్జి లాంటి ఎగ్జిమాకు తక్కువ తీవ్రత వున్న రకాన్ని కొద్దిరోజులపాటు మేమే రాసిస్తాం. ఏ రకం, ఎంత, ఎన్నాళ్ళు అన్నది మాత్రం బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

చివరిగా ఒక హెచ్చరిక. మీ ఇంట్లో ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లున్నాయేమో చూడండి. దాన్ని బిడ్డకు వారాల తరబడి రాస్తూవుంటే ఇది చదివి హఠాత్తుగా మానెయ్యకండి. బయటి మందుకు అలవాటుపడి, శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేసుకోవటం తగ్గించి వుండవచ్చు. ఉన్నట్టుండి ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. ట్యూబు చేతపట్టుకుని ఈరోజే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఆ మనవడికి మేము క్రమక్రమంగా మాన్పించాం. కొన్ని నెలలకు బొద్దుతనం తగ్గి, పొడుగు సాగాడు. "చిక్కిపోయాడండీ" అన్నారు నాయనమ్మగారు. "లేదమ్మా, ఇప్పుడే మీ మనవడు మామూలుగా వున్నాడు" అన్నాను.