పేరు మనది, ఆట యెవరిది?

2022వ సంవత్సరమున ఆరంభమైన ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగున ఆరు నగరముల జట్లు తలపడినవి. చెన్నపట్టణము, బెంగుళూరు, కొచ్చి, ముంబయి, ఢిల్లీ, చండీగఢ్ పేర్లు అందుండెను. తెలుగుదేశమునుండి ఒక్క పేరైనను లేకపోయెను. తుదకు గెలుపొందినది మన పొరుగువారైన చెన్నపట్టణపు జట్టు. 2025లో ఆ లీగు పేరిటనే ఇరువదియైదేండ్లలోపువారికై జరిగిన పోటీలో హైదరాబాదు పేరుతో ఒక జట్టు వెలసినది. ఇంతటితో మన కొరత తీరినదని సంతసించువారు కలరు. మాకట్టి తృప్తి కలుగుటలేదు.

ఏలననగా, జట్టునకు పేరు పెట్టుట ధనికుల పని. ఆటగాండ్రను తయారుచేయుట ఊళ్ల పని. మొదటిది ఒక ఒప్పందముతో ముగియును. రెండవదానికి పదియేండ్ల దీక్ష కావలెను. 2014లో ప్రో కబడ్డీ లీగు మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ జట్టున మనవారెల్లరు కొనియాడిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమువాడు. ఆతనియెడ మాకు గౌరవమేగాని అసూయ లేదు. భరతఖండమున ఎచటివాడైనను మనవాడే. కాని చెడుగుడు ఎరుగని పల్లెలేని మన నాడు, అట్టివారిని తానే పదిమందిని ఏల అందింపరాదని మనలను మనము ప్రశ్నించుకొనవలదా?

బాస్కెట్‌బాలు పరదేశపు ఆట, దానితో జాతీయవాదులకేమి పనియని కొందరడుగుదురు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు చావడిలో ఆడుకొనుటకై, ఎత్తున రెండు పండ్లబుట్టలు కట్టించి ఈ యాటను కల్పించెను. బుట్టకు దేశమేమి, బంతికి జాతియేమి? ఎచటి ఆటనైనను మన పిల్లలు ఆడినచో అది మనదగును. ఏ యాటయు ఆడక, టికెట్టు కొని యొరుల యాట చూచి చప్పట్లు చరచుటయే మా దృష్టిలో పరాధీనత.

పంజాబులో బల్లోకె అను కుగ్రామమున రైతుకుటుంబమందు పుట్టిన సత్నాంసింగు, లుధియానా శిక్షణాలయమున ఆట నేర్చి, 2015లో అమెరికావారి ఎన్‌.బి.ఏ. లీగునకు ఎంపికైన తొలి భారతీయుడయ్యెను. ఆతనిని ఊరు కన్నది, శిక్షణాలయము పెంచినది. లీగులు పండినపంటను కొనుకొట్లవంటివి. సేద్యము వేరొకచోట జరుగవలెను.

ఈ మర్మము మా ఇందుకూరుపేట ప్రాంతమువారికి క్రొత్తదిగాదు. పెన్నయొడ్డున పల్లెపాడులో 1921వ సంవత్సరమున గాంధీమహాత్ముడు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. పల్లెలో రాట్నము తిరుగనిదే పట్టణపు తీర్మానమునకు బలములేదని ఆనాటి పెద్దలెరిగిరి. ఆటల విషయమందును ధర్మమిదియే.

ఇప్పుడు కావలసినదేమి? ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పుగల చదునైన నేల, మూడు మీటర్లకు కొంచెము మించిన యెత్తున రెండు ఇనుపవలయములు, ఒక బంతి, ప్రతి సాయంకాలము తప్పక నిలుచు ఒక వ్యాయామోపాధ్యాయుడు. మొదటి మూటిని గ్రామస్థులు చందాలతో సమకూర్చుకొనగలరు. నాలుగవదానిని ప్రభుత్వమే యీయవలెను. ఏ ఉన్నతపాఠశాలలోనైనను ఆ యుద్యోగము ఖాళీగానుండరాదని, ఆటలగంటను లెక్కల పాఠమునకు బలిచేయరాదని మేము కోరుచున్నాము. ఆ గంటలో బాలికలకును బాలురతో సమానమైన పాలుండవలెను. మైపాడు తీరమున వలలు లాగు కుటుంబముల పిల్లలకు భుజబలమును ఎవ్వరును నేర్పనక్కరలేదు. ఆ బలమునకొక బరి చూపిన చాలును.

పఠనమందిరములలో పత్రికలు చదివి జట్ల గెలుపోటములను చర్చించు సోదరులకు మా విన్నపమొక్కటే. రానున్న సీజనులో ఏ జట్టు గెలుచునను విచారము కొంత తగ్గించి, మన యూరి బడిలో వలయమెన్నడు నిలుచునో విచారింపుడు. మన పిల్లలు ఆడనేర్చిననాడు జట్టునకు మన పేరు పెట్టుడని ఎవ్వరిని అర్థింపనక్కరలేదు.