నీటికాసుల శస్త్రచికిత్స: ఫలితమును ముందుగా నెంచుట

“ఆపరేషను చేసినచో మా అత్తగారికి చూపు వచ్చునా?” యని నీటికాసుల రోగుల యింటివారు వైద్యుని తఱచుగా నడుగుదురు. శుక్లము తీసివేసినచో సాధారణముగా చూపు మరలును. నీటికాసులలో నట్లు గాదు. కంటిలోని నీరు సరిగా వెలుపలికి పోక, ఒత్తిడి హెచ్చి, మెదడునకు బోవు నరము నశించును. నశించిన నరము తిరిగి రాదు. కావున మిగిలిన చూపును నిలుపుటయే యీ చికిత్సకు జయము.

1968లో కెయిర్న్స్ అను ఆంగ్ల వైద్యుడు ప్రకటించిన ట్రాబెక్యులెక్టమీ యను పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. తెల్లగ్రుడ్డులో చిన్న దారి చేసి, నీటిని పైపొర క్రిందికి మళ్లింతురు. తక్కిన శస్త్రచికిత్సలలో గాయము త్వరగా మానుట శుభము. ఇందు మిక్కిలి గట్టిగా మానినచో దారి పూడిపోయి, ఒత్తిడి మరల పెరుగును!

అందుచే వైద్యుడు ముందుగా విచారించునది కన్ను మానెడు తీరునే. పిన్నవయస్సువారికి మచ్చ త్వరగా గట్టిపడును. ఇదివఱకే ఆ కంటికి కోత జరిగినవారికి, కంటిలోపల వాపు వచ్చినవారికి, మధుమేహముచే కంటిలో క్రొత్త రక్తనాళములు పుట్టినవారికి జయావకాశము తగ్గును. పెక్కేండ్లు పలువిధములైన చుక్కల మందులు వాడుటచే పైపొర యెఱ్ఱబడి యుండుటయు నట్టిదే. ఇవి యున్నంతమాత్రమున ఆపరేషను వలదని కాదు. వైద్యుడు ముందు ఆ యెఱుపును తగ్గింపవచ్చును; మచ్చ కట్టకుండ మైటోమైసిను అను మందును వాడవచ్చును; లేదా నీరు పోవుటకు సన్నని గొట్టము నమర్పవచ్చును.

ఈ యెంపికలో గృహిణుల సాయమును కొంత కలదు. వెనుకటి ఆపరేషనుల కాగితములను, చుక్కల మందుల పేర్లను, రక్తమును పలుచపఱచు మాత్రల సంగతిని దాచక తెలుపుడు. చుక్కలను మీయంతట మీరు మానిపింపవలదు. ఆపరేషను పిదప తొలి వారములలో వైద్యుడు రమ్మన్న దినమున తప్పక తీసికొనిపొండు. మచ్చ గట్టిపడునదియు, దానిని సరిదిద్ద వీలగునదియు నప్పుడే.

ఎంత యెంచినను ఫలితమునకు ఏ వైద్యుడును పూచీపడజాలడు. ఐనను నరము కొంత మిగిలియుండగా చేసిన చికిత్సకే నిలుపదగిన చూపుండును. ఈ వ్యాధి వంశమున వచ్చుటయు కలదు. కావున రోగి తోబుట్టువులును, బిడ్డలును బాధ లేకున్నను కంటి యొత్తిడిని, నరమును పరీక్ష చేయించుకొనవలెను.