హెల్మెట్టు ఒక్కరికేనా?

ప్రశ్న: మా వారు మోటారు సైకిలు మీద ఆఫీసుకు వెళ్తారు. ఆదివారాలు నన్ను ఎక్కించుకుని ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మా పుట్టింటికి తీసుకువెళ్తారు. తను హెల్మెట్టు పెట్టుకుంటారు గాని పట్టీ బిగించరు. నాకూ ఒకటి కొనమంటే, "వెనక కూర్చునేవాళ్ళకి ఎందుకే, జుట్టు ఊడిపోతుంది" అని నవ్వుతారు. మా మూడేళ్ళ బాబును ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బజారుకు వెళ్తారు. మీరు చెబితే వింటారని రాస్తున్నాను.
— ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ఈ పేజీ మీరు చదివాక మీ వారి ముందు పెట్టండి. ఇందులో తిట్లేమీ లేవులెండి.

కొన్నేళ్ళ కిందట నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉండగా, అర్ధరాత్రి దాటాక ఒక ఇల్లాలిని తీసుకువచ్చారు. సాయంత్రం స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరితే వెనక నుంచి జారి పడిందట. బండి పడలేదు. భర్తకు గీత కూడా పడలేదు. ఆమె తనే లేచి, చీర దులుపుకుని, మళ్ళీ అదే బండెక్కి ఇంటికి వెళ్ళింది. వంట కూడా చేసింది. తల నొప్పిగా ఉందని పెందలాడే పడుకుంది. గురక వింతగా వస్తోందని లేపబోతే లేవలేదు. మేము చూసేసరికే ఒక కంటి పాప పెద్దదై ఉంది. తెల్లవారేలోపు పోయింది.

కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలి వైపున ఒక రక్తనాళం పోతుంటుంది. ఎముక చిట్లి ఆ నాళం తెగితే నెత్తురు పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య చేరుతుంది. మొదట్లో మనిషి మామూలుగానే మాట్లాడవచ్చు. గంటలు గడిచేకొద్దీ ఆ నెత్తుటి గడ్డ పెరిగి మెదడును నొక్కేస్తుంది. వేళకు ఆపరేషను జరిగితే చాలామంది దక్కుతారు. అందుచేత తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబాటు, ఒక కాలో చెయ్యో బలం తగ్గడం, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నెత్తురు లేక నీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనిద్దామని ఆగకండి. స్కానింగు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళండి. సోడా, కాఫీ లాంటివేమీ తాగించకండి.

ఇక వెనక కూర్చునేవాళ్ళకు ఎందుకన్న మాట. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో, 2022లో హెల్మెట్టు లేకుండా ప్రమాదాల్లో పోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారే. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను నడిపేవారికీ వెనకవారికీ తేడా పెట్టలేదు. పట్టీతో తలకు గట్టిగా బిగించినదే హెల్మెట్టు అని కూడా ఆ సెక్షనులోనే వివరించారు. అంటే మీ వారు పెట్టుకుంటున్నది చట్టం దృష్టిలో ఉత్త టోపీ. కింద పడ్డప్పుడు తల నేలకు తగలకముందే అది ఎగిరిపోతుంది. 2019 సవరణ దీనికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత పెట్టింది.

చట్టం బాగానే ఉంది. కాని చౌరస్తాలో చాలాచోట్ల చూసేది ముందు తలనే. బండి కొన్నప్పుడు తయారీదారు హెల్మెట్టు ఇవ్వాలని కేంద్ర నిబంధనల్లో రాసినప్పుడు కూడా ఒక్కటే అన్నారు. సీటు ఇద్దరికి చేసి హెల్మెట్టు ఒక్కరికి ఇవ్వడం ఏం లెక్కో నాకు ఈనాటికీ బోధపడదు. రెండూ ఇప్పించాలి, రెండు తలలూ తనిఖీ చేయాలి. దేశమంతటా ఈ ఒక్క పని జరిగినా మా క్యాజువాలిటీలకు రాత్రిళ్ళు కొంత ఊపిరాడుతుంది.

అంతదాకా ఆగకుండా మీకొకటి కొనుక్కోండి. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్టు అమ్మడమే నిషేధం, అయినా రోడ్డు పక్కన కుప్పలు పోసే ఉంటాయి. వాటి జోలికి పోకండి. మంచి హెల్మెట్టులో చిప్ప కింద గట్టి థర్మోకోల్ పొర ఉంటుంది. దెబ్బకు అది నలిగి, తలకు తగలాల్సిన అదురును తను తీసుకుంటుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని, పైకి బాగున్నా, మార్చేయాలి. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే అది విడిగా కదలకూడదు. పట్టీ కింద రెండు వేళ్ళకు మించి దూరకూడదు. అనేక దేశాల పరిశోధనలను కలిపి చూస్తే హెల్మెట్టు వల్ల తల గాయాలు 69 శాతం, మరణాలు 42 శాతం తగ్గాయి.

జుట్టు హెల్మెట్టు వల్ల ఊడదు. చెమట పట్టి దురద రావచ్చు. లోపల పలచని నూలు గుడ్డ కట్టుకుని, దాన్ని రోజూ ఉతుక్కుంటే సరి. మీ వారికి జుట్టు పలచబడుతుంటే వాళ్ళ నాన్నగారి తల చూడమనండి!

బాబును ట్యాంకు మీద కూర్చోబెట్టడం ఈరోజే మానిపించండి. హఠాత్తుగా బ్రేకు వేస్తే హ్యాండిలుకు కొట్టుకునేది వాడే. నాలుగేళ్ళలోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి కొత్త నిబంధన వచ్చింది. నడిపేవారి ఒంటికి కలిపి కట్టే భుజాల పట్టీ, పిల్లవాడి తలకు సరిపడే హెల్మెట్టు ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇవి సమకూరేదాకా బజారుకు వాణ్ణి నడిపించుకుని తీసుకువెళ్ళమనండి.