నూనె మరక తెచ్చిన తంటా

మా అత్తగారి ఊరగాయల పుస్తకం చిరిగిపోతోందని ఒక వేసవిలో కూర్చుని కొలతలన్నీ కొత్త నోటుబుక్కులోకి ఎక్కించాను. రాసిన ప్రతి ముక్కా పాత పుస్తకంతో సరిచూసుకున్నాను కూడా. అయినా ఆ ఏడు పెట్టిన ఆవకాయ రెండు నెలలకే బూజు పట్టింది. జాడీకి జాడీ పారబోశాం. తీరా చూస్తే ఏముంది? "ఉప్పు ముప్పావు కిలో" అని ఉన్నచోట నూనె మరక పడి "ము" పూర్తిగా చెరిగిపోయింది, "పా" కింద వత్తు అలికినట్టయింది. నేను "పావు" అని చదువుకుని అలాగే రాసేశాను. నా రాతలో తప్పు లేదు, తప్పు అసలు కాగితంలోనే ఉంది! అలాంటప్పుడు ఎన్నిసార్లు సరిచూస్తే మాత్రం ఏం లాభం చెప్పండి?

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటారా? వేడిలో బతికే సూక్ష్మజీవులకీ అచ్చం ఇలాంటి తంటాయే ఉందిట. అవి దాన్ని తప్పించుకునే తీరు చదివితే నాకు నిజంగా సిగ్గేసింది.

క్రిములు చస్తాయని మనం నీళ్ళు కాచి చల్లార్చి తాగుతాం కదా! ఇటలీలో సిసిలీకి దగ్గరగా వుల్కానో అనే అగ్నిపర్వతపు దీవి ఉంది. అక్కడ సముద్రపుటొడ్డున కుతకుతలాడే బురదలో దొరికిన ఒక జీవికి ఫియాలా, స్టెట్టర్ అనే శాస్త్రవేత్తలు 1986లో పైరోకాకస్ ఫ్యూరియోసస్ అని పేరు పెట్టారు. నూరు డిగ్రీల వేడి ఉంటే దానికి పండగే. 37 నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది.

రెండు కావాలంటే ముందు డీఎన్ఏకి నకలు తీయాలి. బైపీసీ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అందులో ఎ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. రెండు పోగులు మెలి తిరిగి ఉంటాయి. ఎ కి ఎదురుగా టి, జి కి ఎదురుగా సి. పోగులు విడదీసి, ఒక్కోదాని పక్కన జత అక్షరాలు పేర్చుకుంటూ పోయేది పాలిమరేజ్ అనే ఎంజైము. పైరోకాకస్‌లో ఇలా పేర్చవలసినవి సుమారు 19 లక్షల అక్షరాలు!

పేర్చేటప్పుడు పొరపాటున వేరే అక్షరం పెడితే జత అమరదు. స్వెట్టరు అల్లుతూ కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేసుకోమూ? ఈ ఎంజైమూ అంతే. వెనక్కి వచ్చి, తప్పుడు అక్షరాన్ని తీసేసి, సరైనది పెడుతుంది. అందరికీ ఈ బుద్ధి ఉండదు సుమండీ. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన ఇంకో జీవి నుంచి తీసిన టాక్ అనే ఎంజైము ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షల్లో విరివిగా వాడింది దాన్నీ, దాని తరహావాటినీ. అది వెనక్కి తిరిగి చూసుకోదు. ప్రయోగశాలలో లెక్కకడితే టాక్ సుమారు లక్షంబావు అక్షరాలకి ఒక తప్పు చేస్తే, పైరోకాకస్ ఎంజైము ఏడెనిమిది లక్షలకి ఒకటి చేసింది.

ఇది రాసేవాళ్ళ తప్పు. మరి నూనె మరక సంగతో?

సి అనే అక్షరంలోంచి ఒక్కోసారి చిన్న ముక్క ఊడిపోతుంది. అప్పుడది యు అవుతుంది. మన ఒంట్లోనూ జరిగేదే ఇది, కానీ వేడి పెరిగేకొద్దీ మరీ ఎక్కువ. యు కి జత ఎ. అంచేత జి రావలసినచోట ఎ వచ్చి కూర్చుంటుంది. జత కుదిరింది కనక వెనక్కి చూసినా తప్పు దొరకదు. నా ఉప్పు కథే!

ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు 1999లో కనిపెట్టిందేమిటంటే, పైరోకాకస్ తరహా జీవుల ఎంజైము వెనక్కే కాదు, ముందుకీ చూస్తుంది. రాయబోయే పోగుని తడుముకుంటూ వెళ్ళి, ఇంకా నాలుగు అక్షరాల దూరంలో యు తగిలిందంటే చాలు, అక్కడే ఆగిపోతుంది. ఎంత తొందరలో ఉన్నా సరే, చెడిన అక్షరానికి మాత్రం నకలు తీయదు. దాన్ని బాగుచేసే ఎంజైములు వేరే ఉన్నాయి. (ఈ పట్టుదల ప్రయోగశాలల్లో కొంత చిక్కు తెచ్చింది. అక్కడ మాటిమాటికీ వేడిచేయడంతో యు లు పుట్టి పని ఆగిపోయేది. దాంతో యు ఉన్నా ఆగకుండా పోయే రకాన్ని వాళ్ళే తయారుచేసుకున్నారు.)

ఇంత వేడిలో ఉంటే తప్పులు ఎక్కువే ఉంటాయనుకుంటాం కదూ? సల్ఫోలోబస్ అనే ఇంకో వేడినీటి జీవిలో 2001లో లెక్క తీశారు. దాని డీఎన్ఏ మొత్తం సుమారు 22 లక్షల అక్షరాలు. ఆ మొత్తానికి 550 సార్లు నకలు తీస్తే ఒక్క తప్పు. చల్లగా బతికే మామూలు సూక్ష్మజీవులకైతే 300 సార్లకే ఒకటి దొర్లుతుందిట.

ఆ రోజు మా అత్తగారు పక్కగదిలోనే ఉన్నారు. మరక దగ్గర ఆగి, "అత్తయ్యా, ఇది ముప్పావా, పావా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. పాత పుస్తకం ఇప్పటికీ దాచే ఉంచాను. మరక పక్కన పెన్సిలుతో "ముప్పావు" అని రాసింది ఆవిడే.