రాచపుండునకు అగ్నివైద్యము

నిప్పు మన వైద్యమునకు క్రొత్త గాదు. సుశ్రుతుడు తన సంహితయందు అగ్నికర్మకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే వినియోగించెను. మందునకు, కత్తికి, క్షారమునకు లొంగని వ్యాధికి అగ్నియే తుది చికిత్స యని ఆ కాలపు వైద్యుల మతము. మన పల్లెలలో పసులకును, పసిబిడ్డలకును వాతలు పెట్టు ఆచారము నిన్నమొన్నటి వఱకును ఉండెను. ఆ వాతకును, నేడు లేసరు కాంతితో కంతులను మాడ్చు చికిత్సకును భేద మేమని కొందఱు ప్రశ్నింపవచ్చును. భేదమంతయు ఒక్క మాటలో నున్నది. అది అదుపు.

లేసరు కాంతి 1960 లో అమెరికాలో మొదట వెలిగినది. 1964 లో బొగ్గుపులుసు గాలితో పనిచేయు లేసరును కనిపెట్టినవాడు మన బారామతిలో జన్మించిన కుమార్ పటేలు. ఆ కాంతి నేటికిని శస్త్రవైద్యుని చేతిలో కత్తియై యున్నది. 1983 లో లండనునందు స్టీఫెన్ బౌన్ అను వైద్యుడు వేఱొక త్రోవ చూపెను. సన్నని గాజునారను కంతి నడుమకు గ్రుచ్చి, దాని గుండ కాంతిని లోపలికి పంపి, కోయకుండగనే కంతిని లోనుండి ఉడికించుట ఆ త్రోవ. అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ 2007 లో ఒకదానికి, 2009 లో ఇంకొకదానికి ఇట్టి పరికరములకు అనుమతి నిచ్చినది. కత్తి చేరరాని చోట మెదడులో దాగిన కంతులకు ఈ పద్ధతి ఇప్పుడు ముఖ్యముగా అక్కఱకు వచ్చుచున్నది.

ఇందులోని కీలకమంతయు ఉష్ణోగ్రతయే. శరీరములోని కణము 43 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో చచ్చుటకు ఇంచుమించు ఒక గంట పట్టును. అటుపై ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది ఆ కాలము సగమగుచుండును. 60 డిగ్రీలు దాటినచో క్షణములలో మాంసము గ్రుడ్డుసొనవలె గడ్డకట్టును. నూఱు డిగ్రీలకు నీరు మరగి ఆవిరియగును, మాంసము బొగ్గగును. బొగ్గు కాంతిని తానే మ్రింగివేయును గనుక కంతి అంచులకు వేడి చేరదు. నడుమ మాడి, అంచున రోగము బ్రదికి మిగులును. వేడి తక్కువైనను రోగము మిగులును. ఎక్కువైనచో ప్రక్కనున్న నరము, నెత్తురుగొట్టము కాలిపోవును. కావుననే నేటి వైద్యులు కంతి అంచున ఉష్ణమాపకమును నిలిపియో, ఎం.ఆర్.ఐ. యంత్రములో వేడిని చిత్రముగా చూచుచునో కాంతిని హెచ్చించి తగ్గింతురు. స్వీడనులోని లుండు నగరపు వైద్యులు కంతి అంచును 46 డిగ్రీలయొద్ద అరగంట నిలుపు పద్ధతిని రూపొందించిరి. చచ్చిన కంతిని గుర్తించి శరీరపు రక్షణశక్తి తక్కిన రోగముపైకిని లేచునని వారి ఆశ. ఆ ఆశ ఇంకను పరీక్షలోనే యున్నది.

ఇంత వివరముగా ఏల వ్రాయుచున్నామనగా, లేసరు అను పేరు వినినంతనే రోగము మాయమగునను భ్రమ మన పట్టణములలో ప్రబలుచున్నది. ఈ చికిత్స చిన్న కంతులకు, ఒకటి రెండు చోట్ల నిలిచిన కంతులకు మాత్రమే తగినది. ఒడలెల్ల ప్రాకిన రాచపుండును ఇది కుదుర్పలేదు. కత్తికి, మందునకు, కిరణచికిత్సకు ఇది తోడే గాని మాఱు గాదు. ఆశపెట్టువాని మాట నమ్మి, బయాప్సీ పరీక్షయైనను చేయింపక, ఇల్లు తాకట్టుపెట్టి పరుగిడవలదని మా పాఠకులను హెచ్చరించుచున్నాము.

మఱి ఈ యంత్రము ఎచ్చట నుండవలెను? మదనపల్లెలోనా, పుంగనూరులోనా, కుప్పములోనా? మా స్వస్థలాభిమానమును ప్రక్కకు పెట్టి చెప్పుచున్నాము: ఇక్కడ గాదు. ఎం.ఆర్.ఐ. యంత్రము, మెదడు శస్త్రవైద్యులు, రోగనిర్ణయశాల ఒక్కచోట కూడినగాని ఇది సాగదు. తిరుపతిలో టాటా ట్రస్టుల పూనికతో లేచిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు వైద్యశాల 2022 లో ప్రారంభమైనది. రాయలసీమకు అది తగిన తావు. మన రోగులు వేలూరునకో, బెంగుళూరునకో పరదేశులవలె పోయి చీటి పట్టుకొని నిలువబడు దుర్గతి తొలగుటకు, ఇట్టి చికిత్స అచ్చటనే తెలుగు మాటాడు వైద్యులచేత జరుగవలెనని కోరుట న్యాయమే.

అయితే మా తాలూకాలకు అసలు ప్రశ్న వేఱు. మన ఆడవారిలో ఎందఱు కంతి చిన్నదిగా నున్నప్పుడే వైద్యుని చూచుచున్నారు? గర్భాశయ ముఖమున పుట్టు రాచపుండు ఒక్క 2022 సంవత్సరముననే మన దేశమున సుమారు 1,27,000 మందికి క్రొత్తగా సోకెనని, సుమారు 80,000 మందిని పొట్టను పెట్టుకొనెనని అంతర్జాతీయ లెక్కలు చెప్పుచున్నవి. ఇది ఒక్కనాటిలో వచ్చు రోగము గాదు. రోగముగా మాఱుటకు ముందు ఏండ్ల తరబడి మచ్చగా నుండును. ఆ మచ్చను కనుగొనుటకు లేసరు వలదు. పలుచని వెనిగరు నీరు, మంచి వెలుతురు, నేర్పు గల నర్సు చాలును. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఎన్నడైనను చేయించుకొన్నవారు నూటికి ఇద్దఱైనను లేరు!

మన పొరుగున తమిళనాట దిండిగల్లు జిల్లాలో నర్సులే ఈ పరీక్ష చేసి, మచ్చ కనబడినచో చలువ చికిత్సతో తొలగించిరి. అట్లు చేసిన పల్లెలలో ఈ రోగపు చావులు నూటికి 35 వంతున తగ్గెనని 2007 లో ప్రకటింపబడినది. చలువ చికిత్సకు గ్యాసు సిలిండరులు కావలెను. వానిని పల్లెలకు మోయుట కష్టము. ఇప్పుడు దానికి బదులు వేడి చికిత్స వచ్చినది. చేతబట్టుకొను చిన్న పరికరము, బ్యాటరీతో నడచును. దాని మొన నూఱు డిగ్రీలకు కాగి, మచ్చమీద 20 మొదలు 30 సెకండ్లు నిలిచిన చాలును. 2019 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి నియమములను ప్రకటించినది. మచ్చ రోగముగా మాఱెనను అనుమానమున్నచో మాత్రము కాల్చరాదు. ఆమెను వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెను. ఇదియు అదుపులోనున్న అగ్నియే. లేసరువలె వెలలేనిది గాదు, ఆర్భాటము లేనిది.

పట్టణములవారికి లేసరు, మాకు వెనిగరు నీరా యని కొందఱు రోషపడవచ్చును. ఆ రోషము చోటు తప్పినది. చవుకయైన వైద్యము అవమానము గాదు, ఆలస్యమైన వైద్యమే అవమానము. సర్కారు పథకము శస్త్రచికిత్సకు సొమ్ము చెల్లింపవచ్చును గాని, గడచిపోయిన నెలలను తిరిగి యీయలేదు.

ఈ మాట మదనపల్లెకు ఒకరు నేర్పవలసినది గాదు. 1915 లో ఆరోగ్యవరమున క్షయరోగుల శానిటోరియము తెఱచినప్పుడు, డాక్టరు ఫ్రిమట్ మోలరు చేతిలో క్షయను చంపు మందు ఒక్కటియు లేదు. అట్టి మందు 1940 ప్రాంతముల వఱకు లోకమున ఎచ్చటను పుట్టలేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, నిత్యపరీక్ష, నియమము: ఇవియే ఆనాటి ఆయుధములు. అయినను దక్షిణదేశమెల్ల ఆ కొండల వంక చూచెను. గొప్ప యంత్రము లేని యూరు గొప్ప వైద్యమునకు పేరొందెను.

కావున మేము కోరునది స్పష్టము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రభుత్వాసుపత్రులలో వారమున కొకదినము స్త్రీలకు ఈ పరీక్ష జరుగవలెను. ఆడ నర్సులకు శిక్షణ నిచ్చి, వేడి పరికరమును చేతికీయవలెను. కుప్పములోని వైద్యకళాశాల ఈ శిక్షణభారమును వహించిన అది దానికి కీర్తికరము. అనుమానపు రోగిని తిరుపతికి పంపుటతో పని తీఱదు. ఆమె అచ్చటికి చేరెనో లేదో కనుగొను బాధ్యత ఒకరి పేర వ్రాయబడవలెను. ఆడపిల్లలకు టీకా వేయింపవలెను. పుణె నగరపు సీరం సంస్థ చేసిన స్వదేశీ టీకాకు 2022 లోనే అనుమతి లభించినది గదా!

పఠనాలయములలో ఈ పత్రిక చదువు పెద్దలకు ఒక మనవి. ఈ సంగతి పఠనాలయముననే ఆగిపోరాదు. పట్టుగూళ్లు ఏఱు తల్లికి, టమాటా బుట్ట మోయు అక్కకు పత్రిక చేరదు. సిగ్గు వలదని, నొప్పి లేనప్పుడే పరీక్ష చేయించుకొనవలెనని నేడు ఇంటికి పోయి చెప్పుడు. ఆస్పత్రికి తోడు పొండు.